ఏడో ఫొటోలో ఎడమ మూల

ఆమెను అందరూ పాస్‌పోర్టు అక్క అంటారు. బస్టాండు పక్కన ఇరుకు కొట్టులో తెల్లగుడ్డ ముందు మనుషుల్ని కూర్చోబెట్టి, "గడ్డం కొంచెం దించండి, ఊపిరి బిగపట్టకండి" అంటూ ముఖాలు తీస్తుంది. పడమట మబ్బు పట్టిందా, కొట్టుకు తాళమే. కెమెరాకు ప్లాస్టిక్ కవరు తొడిగి, స్కూటరు మీద పొలాల్లోకి పోతుంది. ముఖాల కంటే మబ్బులు నయమట, కళ్లు మూయవు.

రెండు ఫొటోల కోసం వెళ్లినవాణ్ణి, ఆ స్టూలు మీద ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నానో. ఈ మబ్బుల పిచ్చి ఎప్పట్నుంచని అడగ్గా అడగ్గా చెప్పింది.

అప్పట్లో ఆమె తన అక్క భర్త స్టూడియోలో పనిచేసేది. ఒక వేసవిలో మూడింటికే చీకటి కమ్మితే, ఆమె బావ పొలం గట్టున నిలబడి వరసగా ఎనిమిది ఫొటోలు తీసింది. ఆరోదానిలో మబ్బు కోతకొచ్చిన జొన్నచేను మీదికి నల్లటి చూరులా వంగింది. దాని కింద సన్నటి పసుపు వెలుగు. నెల తిరక్కుండా ఆ బొమ్మ ఒక విత్తనాల కంపెనీ క్యాలెండరు మీదకెక్కింది. కింద బావ పేరు.

"ఇదేంటి బావా?"

"కెమెరా నాది, పొలం నాది. నీదేముంది మరదలా? వేలితో నొక్కడమేగా!"

"ఆ వేలితోనే చెప్దాం అనుకున్నా" అంది నాతో, గుడ్డ సర్దుతూ.

రెండేళ్లు తలవంచుకుని పనిచేసింది. వచ్చినవాళ్లందరికీ బావ అదే కథ చెప్పేవాడు: పిడుగులు పడుతుంటే రొమ్ము విరుచుకుని నిలబడ్డాడట. ఆమె నవ్వి టీ అందించేది.

చివరికి ఫొటోగ్రాఫర్ల సంఘం బావకు సన్మానం పెట్టింది. హాల్లో పెద్ద తెర. కంప్యూటరు దగ్గర మరదలే, ఆయనకది చేతకాదు గనక. తెర మీద ఆరో ఫొటో. చప్పట్లు.

"ఒంటరిగా నిలబడ్డానండీ! మిగతావాళ్లంతా పరుగో పరుగు!"

ఆమె వేలితో నొక్కింది. ఏడో ఫొటో. అదే చేను, అదే మబ్బు. ఎడమ మూలన ట్రాక్టరు ట్రాలీ. ఆ మూలని మెల్లగా పెద్దది చేసింది. ట్రాలీ కింద, నెత్తిన ఎరువుల బస్తాతో, మోకాళ్లు కావలించుకుని ఒక మనిషి.

ముందు వరసలో ముసలి ఫొటోగ్రాఫరు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "మీరేనా అండీ అది? మరి ఫొటో తీసిందెవరు?"

"మరదలా, ఆపు!"

"ఆగండి బావగారూ, ముఖం ఇంకా క్లియర్‌గా రాలేదు."

హాలు ఘొల్లుమంది. ముసలాయన నవ్వలేదు, కుర్చీ తిప్పుకుని ఆమె వైపు చూస్తూ చప్పట్లు కొట్టాడు.

"బావ ఫొటోలో నడిమధ్య ఉన్నదే చూస్తాడు. ఆరోది పట్టుకుపోయి మిగతావి తెరిచి కూడా చూళ్లేదు. మూలలు చూసేది నేను" అంది నాతో.

ఆ ఏడో ఫొటో ఇప్పుడు ఆమె కొట్టు ముందు, దారిన పోయేవాళ్లకు కనబడేలా వేలాడుతోంది. కింద ఆమె పేరు. మొన్న వాళ్లక్క వచ్చి బతిమాలింది.

"ఇంక తియ్యవే. బయటికి రాలేకపోతున్నాడు."

"ఎండకు రంగు వెలిసిపోనీ అక్కా. అప్పుడు తీస్తా."

అక్క వెళ్లాక అడిగాను, కసి తీరిందా అని. ఆమె సొరుగు మీద చెయ్యి వేసింది.

"ఎనిమిదోది ఇంకా ఇందులోనే ఉంది. దాంట్లో ముఖం క్లియర్‌గా వచ్చింది."