కాగితంలో నేను చదవని అంకె

ఆరేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. అరవై. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

నాకూ మునిరత్నానికీ రిమోటు కార్ల పిచ్చి. నవ్వకండి, ఇద్దరమూ నలభై దాటినవాళ్లమే. అతనికి చిత్తూరులో మోటార్లు రివైండింగ్ చేసే షాపు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఏ మోటారు కాలినా అతని దగ్గరికే వచ్చేది. వెంట్రుకంత రాగి తీగను కళ్లు మూసుకుని, వేళ్ల కొసలతోనే చుట్టేవాడు. నేను తిరుపతిలో ఒక ఆఫీసులో గుమాస్తాను. ఆదివారం పొద్దున్నే ఎండిన స్వర్ణముఖి ఏటి ఇసుకలో మా పందెం. ఎప్పుడూ అతనే గెలిచేవాడు. ఎప్పుడూ! గెలిచి, "పోనీలేప్పా, వచ్చే వారం సూస్తాం" అని నా భుజం తట్టేవాడు. ఓడిపోవడం కన్నా ఆ తట్టడమే నాకు ఒళ్లు మంట.

ఒకసారి ఇద్దరికీ కొత్త స్పీడు కంట్రోలర్లు నేనే ఆన్‌లైన్లో తెప్పించాను. బ్యాటరీకీ మోటారుకీ మధ్య కూర్చుని కరెంటును అదుపు చేసే చిన్న డబ్బీ అది. ఒకటి నూట ఇరవై ఆంప్సుది. రెండోది అరవైది. ఆంప్సు ఎక్కువైనంత మాత్రాన కారు వేగం పెరగదు. కంట్రోలరు కరెంటును తోయదు, మోటారే లాక్కుంటుంది. లాక్కున్నంతా తట్టుకోవడమే దాని పని. ఇసుకలో చక్రం కూరుకుంటే మోటారు ఇంకా లాగుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే పెద్దది నేనుంచుకున్నాను.

అతను అడిగాడు.

"ఎన్ని ఆంప్సుప్పా ఇది?"

డబ్బీతో వచ్చిన కాగితంలో రెండు అంకెలున్నాయి. నిలకడగా అరవై. రెప్పపాటు మాత్రం మూడు వందల అరవై. నేను రెండోదే చదివాను.

"మూడు నూర్ల అరవై."

"ఇంత డబ్బీకా?" అని తిప్పి చూశాడు.

"కొత్త రకంప్పా."

"అబ్బా! అంతుంటే సాలు. ఇంగేం గావల్ల?"

అబద్ధమా? అంకె కాగితంలో ఉన్నదే కదా! ఇన్నాళ్లూ ఈ మాటతోనే నన్ను నేను బుజ్జగించుకున్నాను. కానీ మోటారు ప్లేటు మీద రాసిన ఆంప్సంటే రోజంతా తిరిగినా తట్టుకునే లెక్క. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అతను నమ్మిన లెక్క అదొక్కటే. అది నాకు తెలియదా? తెలుసు. తెలిసే చదివాను.

నా మాట నమ్మి పెద్ద మోటారు బిగించాడు. కంట్రోలరు వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది, ఒక్కసారి నేను గెలుస్తాను, అంతే అనుకున్నాను. అంతేనా? ఏమో, ఇప్పుడు నా మీద నాకే నమ్మకం లేదు. మూడో చుట్టులో ఇసుక దిబ్బ ఎక్కుతుండగా అతని కారులోంచి పొగ లేచింది. బ్యాటరీ ఉబ్బింది. అతను పరుగెత్తి కుడిచేత్తో దాన్ని పీకాడు. అది చేతిలోనే భగ్గుమంది.

చర్మం మానింది. వేళ్ల కొసలకు స్పర్శ తిరిగి రాలేదు. ఆ రోజు కట్టు కట్టించుకుంటూ అన్నాడు: "నా సాల్డరింగే సరిగా పళ్లేదప్పా. మూడు నూర్ల అరవై ఆంప్సుది ఊరికే యాడ కాల్తాది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇప్పుడతను సన్న తీగ చుట్టలేడు. షాపులో పనివాళ్లు చుడతారు, అతను పక్కన కుర్చీలో కూర్చుంటాడు. సాల్డరింగ్ చేయగలడు, అయినా మానేశాడు. తన చెయ్యే తప్పు చేసిందని నమ్మేశాడు. ఆ చెయ్యి ఏ తప్పూ చేయలేదు. నా నూట ఇరవై ఆంప్సుది మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు, బీరువాలో ఉంది.

పోయిన నెల షాపుకు వెళితే, ఎన్నేళ్లకో ఒక సాల్డరింగ్ అతుకు వేసి నాకు చూపించాడు.

"సూడుప్పా, ఇది సాలునా?"

"సాలు" అన్నాను. అతుకు అద్దంలా ఉంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. చెప్పలేదు. ఎందుకు? తిడతాడనా? తిట్టినా, కొట్టినా పడతాను. "పోనీలేప్పా" అని ఆ చేత్తోనే నా భుజం తడతాడేమోనని భయం.

ఇది రాస్తూ నాలుగుసార్లు లేచి గదిలో తిరిగాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు పైకి చదవాల్సింది ఇప్పుడు చదువుతున్నాను, అంతే.

అరవై, మునిరత్నం. కాగితంలో మొదటి అంకె అరవై.