పేరు పడని బిందె

బడి మధ్యలోనే వదిలేసినా, నా అక్షరాలు ఉప్పల్, నాచారం ఇళ్లలో చాలాకాలం తళతళలాడాయి. స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టడం నా పని. ఉప్పల్‌లో ఓ గిన్నెల దుకాణం ముందు అరుగు మీద కూర్చొని, ఉలీ సుత్తెతో చుక్క చుక్కగా కొట్టేవాణ్ణి. దీర్ఘాలు ఎగిరిపోయినా ఎవరూ అడగలేదు. పక్కింటి గిన్నెతో మారిపోకపోతే చాలు. దుకాణంలో ఒకటే కట్టుబాటు: పేరు పడ్డ సామాను వాపసు తీసుకోరు.

ఈ సంగతి మా అక్కకు నాకంటే బాగా తెలుసు. నాచారంలో వాళ్లింట్లో ఉండేది అక్కా బావా ఇద్దరే. అటక మీద మాత్రం పెళ్లికి సరిపడా గిన్నెలు, చుట్టిన కాగితం కూడా విప్పకుండా. "దేవుడే దిగొచ్చి బువ్వ అడిగినా వాటిల పెట్టవు గదనే!" అని ఏడిపిస్తే నవ్వేది. కొత్త గిన్నె కొంటూ దుకాణంలో వెలిగిన మొహం ఇల్లు చేరేసరికి ఆరిపోయేది.

ఆ ఏడు ఇల్లు కురుస్తోందని, వానలకు ముందే రేకులు వేయించాలని, బావ ఫ్యాక్టరీ బోనస్ తెచ్చి ఇంట్లో పెట్టాడు. మర్నాడే అక్క వగరుస్తూ వచ్చి, మా దుకాణంలోనే కొన్న కొత్త బిందె నా ముందు దించింది.

"తమ్మీ, జల్ది పేరు కొట్టు."

"పైసలేడియే?"

"నీకెందుకురా? కొట్టు!"

ఆమె చూపు రోడ్డు మీదే ఉంది. దూరంగా బావ సైకిలు. రేకుల పైసలేనని అర్థమైంది.

"రెండక్షరాలన్నా కొట్టురా, నీ కాళ్లు మొక్కుత!"

బిందెను ఒళ్లోకి తిప్పుకొని, పక్కనున్న ఇనుప దిమ్మె మీద సుత్తెతో టకటకా కొట్టాను. ఆ చప్పుడుకే అక్క కళ్లు మూసుకుంది. భుజాలు దిగాయి. బిందె వైపు చూడనైనా చూడలేదు.

బావ సైకిలు దిగాడు. "ఏమాయె?"

"పేరు పడ్డది," అంది అక్క. "ఇగ వాపస్ దీస్కోరు."

బావ తిట్టలేదు. హ్యాండిలు పట్టుకొని, మబ్బు వైపు చూస్తూ నిలబడ్డాడు.

నేను బిందె ఇటు తిప్పాను. మా ముగ్గురి మొహాలు తప్ప దాని మీద ఒక్క చుక్క లేదు.

దుకాణం సేటు గొణుక్కుంటూ నోట్లు తిరిగిచ్చాడు. "దొంగ సచ్చినోడా!" అని నన్ను తిట్టి, అక్క వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

రేకులు పడ్డాయి. మొదటి వాన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. నెత్తి మీద టకటకా మొదలవగానే, అన్నాళ్లూ మాట్లాడని అక్క నోరు విప్పింది.

"అగో, మల్ల షురూ జేసినవారా, నీ ఉత్తుత్తి పేర్లు!"

బావ పడీపడీ నవ్వాడు. అక్క నవ్వలేదు. అటక వైపు చూస్తోంది.