ఇత్తడి గాజు పట్టుకుని దండు వేలానికి

స్వాతంత్ర్యం వచ్చి ఏడాది తిరక్కముందే బెంగళూరు దండులో బంగళాలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి. దండు అంటే మా వైపు వాళ్ళం కంటోన్మెంటుకు పెట్టుకున్న పేరు. ఓడ ఎక్కబోయే దొరలు బీరువాల దగ్గర్నుంచి గోడకు తగిలించిన జింక తలల దాకా అన్నీ వేలం వేసి పోతున్నారు. నేను దొడ్డబళ్ళాపురంలో ఆడపిల్లల బడిలో టీచర్ని. అలాంటి వేలం జాబితా ఒకటి మా హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద కనబడింది. పాత నగలు, చెక్కడపు రాళ్ళు అని పైన పెద్ద అక్షరాలు. ఊసుపోక తిరగేస్తుంటే ఇరవై ఏడో వస్తువు దగ్గర ఆగిపోయాను. చిలుకలున్న రాతి జాలీ కిటికీ, పాడుపడిన గుడి నుంచి తెచ్చినది, మూడు వందల ఏళ్ళ నాటి పని, గుండ్రాలు కొంచెం వంకరగా ఉండటమే దాని ప్రాచీనతకు గుర్తు అని రాశారు. కింద బంగళా చిరునామా ఉంది.

ఆ బంగళా నాకు తెలుసు. నా ఆరో ఏట, గడ్డిలో చుట్టిన ఆ కిటికీ పక్కనే కూర్చుని దేవనహళ్ళి నుంచి అక్కడిదాకా ఎద్దులబండిలో పోయాను. దాన్ని చెక్కింది మా అమ్మ కాళమ్మ. ఆ పని ఒప్పుకున్నది మా నాన్న. రాయి చేత పట్టకముందే జబ్బు చేసి పోయాడు. పని మా చిన్నాయన మీద పడింది. ఆయనకు పునాది రాళ్ళు కొట్టడమే తప్ప జాలీ పని రాదు. మా వాళ్ళలో ఆడది పనిముట్టు ముట్టకూడదు, మొగుడు పోయినదైతే దాని నీడ కూడా ఉలి మీద పడకూడదు. అయినా గత్యంతరం లేక చిన్నాయన వాకిలి మూయించి ఆ రాయిని అమ్మ ముందు పెట్టాడు. నాన్న పక్కన కూర్చుని చూసి నేర్చుకున్న పనితో అమ్మ నాలుగు నెలలు చెక్కింది. దొర ముందు నిలబడి శాలువా కప్పించుకున్నది మాత్రం చిన్నాయన. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో అది ఆయన పనిగానే చెల్లుబాటవుతోంది. ఇప్పుడు ఆ అబద్ధం మీద ఇంకో అబద్ధం వచ్చి కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది.

ఇంటికి వచ్చి జాబితా చదివి వినిపించాను. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది, తల ఎత్తలేదు.

"గుండ్రాలు వంకరనా?" అంది. "వంకర కాదు, సొట్ట. ఎప్పుడుండాది ఆ వేలం?"

"శనివారం. నేను పోయి చెప్పొస్తాలేమ్మా."

"నువ్వు పోయి ఏం చెప్తావు? చెక్కింది నువ్వా?" అని లేచి లోపలికి పోయింది.

శనివారం ఉదయం ఆరున్నర బండి ఎక్కాం. దొడ్డబళ్ళాపురం నుంచి సిటీ స్టేషనుకు మూడో తరగతి టిక్కెట్టు ఏడణాలు. యలహంక మీదుగా రెండు గంటల ప్రయాణం అంటారు కానీ ఇంజను నీళ్ళు తాగే తీరును బట్టి ఇంకో అరగంట కలుపుకోండి. పెట్టెలో సగం మంది చిక్కపేటకు చీరలు మోసుకుపోయే నేతగాళ్ళే, ఆ మూటల మీదే కూర్చోనిచ్చారు. యలహంక దాటాక అమ్మ నడుము దగ్గరి గుడ్డ ముడి విప్పి ఒక ఇత్తడి గాజు నా చేతిలో పెట్టింది. ఒక పక్క కొంచెం నొక్కుకుపోయి ఉంది. పెళ్ళయిన కొత్తలో రుబ్బురోలు పొత్రం కింద పడి సొట్టపోయిందట. నాన్న పోయిన పదో రోజు గాజులు తీసేసినప్పుడు మట్టిగాజులు పగిలాయి, దీన్ని అమ్మ కొంగులో దాచుకుంది.

"గుండ్రాలు గీసేకి కైవారం కావల్ల కదా," అంది. రెండు కాళ్ళు చాపి గుండ్రం గీసే ఆ పనిముట్టును కైవారం అంటారు. "మీ చిన్నాయన దాన్ని మాత్రం నాకు ఈలేదు. ఉలి ముడితే కడుక్కుంటారంట, కైవారం ముడితే పాడైపోతాదంట. సరేలే అని దీన్ని రాతి మీద పెట్టి కావితో గీసినా. సొట్ట ఎప్పుడూ కింది వైపుకే. ఒకదాని మీద ఒకటి బాగా కూచుంటాయి."

ఇన్నేళ్ళూ నాకు ఈ సంగతి తెలియదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు అంది.

సిటీ స్టేషను బయట జట్కాలు వరసగా నిలబడి ఉంటాయి. దండుకు రూపాయి అడిగాడు జట్కా మునెప్ప, పన్నెండణాలకు దిగాడు. బస్సులో పోతే రెండణాల్లో తేలిపోతుంది, కానీ దిగాక రెండు మైళ్ళు నడవాలి. వేలానికి పోతున్నామని చెబితే అతను వెనక్కి తిరిగి చూశాడు.

"ఆడికి సేట్లు పోతారు, దొరసాన్లు పోతారు. మీకేం పనుండాదమ్మా ఆడ? అమ్మేకా, కొనేకా?"

"రెండూ కాదప్పా. చూసేకి," అంది అమ్మ.

"సుమ్నే, ఊరికే చూసేకి పన్నెండణాల బాడుగనా?"

"నీ గుర్రానికి గడ్డి కావల్ల కదప్పా, తోలు," అంది. అతను నవ్వి గుర్రాన్ని అదిలించాడు. పరేడు మైదానం పక్కనుంచి పోతుంటే అమ్మ ఒక్కో రాతి గోడనూ చూసి, ఇది బాగా కట్టినారు, ఇది నాలుగేళ్ళకు కూలిపోతాది అని చెబుతూనే ఉంది.

తొమ్మిది నుంచి పదిన్నర దాకా వస్తువులు చూసుకోవచ్చు, ఆ తరువాత వేలం. తోటలో షామియానా వేశారు. పచ్చగుడ్డ పరిచిన బల్ల మీద నగలు, గడ్డిలో రాళ్ళు. నాగశిలలు, ఏనుగుల మెట్లు, విరిగిన స్తంభాలు, ఏ ఊళ్ళ నుంచి ఎలా వచ్చాయో అడిగే దిక్కులేకుండా పడి ఉన్నాయి. మా కిటికీ గోడకు ఆనించి ఉంది. మూడడుగుల ఎత్తున మెత్తటి బలపపు రాయి, అంచున ఎనిమిది చిలుకలు, మధ్యలో గొలుసుకట్టుగా గుండ్రాలు. అమ్మ దాని ముందు కూర్చుని ఒక చిలుక ముక్కు మీద దుమ్ము తుడిచింది. గుమాస్తా పరుగున వచ్చి ముట్టుకోవద్దన్నాడు. మాకు వెనక బెంచీ చూపించాడు. నేను పోయి ముందు వరస కుర్చీలో కూర్చున్నాను, అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. లేవమని చెప్పడానికి రెండుసార్లు వచ్చాడు కానీ నా ముఖం చూసి రెండుసార్లూ ఊరికే పోయాడు.

ముందు నగలు పాడారు. వంకీ వచ్చింది, అదొక రాణిది. వడ్డాణం వచ్చింది, అది ఇంకో రాణిది. కెంపుల కమ్మలు, జడబిళ్ళ, బంగారు గాజుల జత, అన్నీ రాణులవే. మైసూరు సీమలో ఇంతమంది రాణులుంటే మామూలు ఆడవాళ్ళు ఎక్కడ కాపురం చేశారో నాకు అర్థం కాలేదు. నగరతపేట నుంచి వచ్చిన ఒక శెట్టిగారు మాత్రం రాణుల కథలు వినడం లేదు. ప్రతి నగనూ గీటురాయి మీద గీసి, వాసన కూడా చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పుడు పాడుతున్నారు. తెల్లటి పంచె, జరీ అంచు తలగుడ్డ, అరవై దాటిన మనిషి. ఆ బంగారు గాజులు ఆయనే పాడుకున్నారు.

పన్నెండు గంటలకు ఇరవై ఏడో వస్తువు వచ్చింది. వేలం వేసేవాడు మూడు వందల ఏళ్ళని ఒకసారి, పాడుపడిన గుడి అని రెండుసార్లు చెప్పాడు. శెట్టిగారు వంద అన్నారు. వెనక ఎవరో నూట ఇరవై అన్నారు. నూట డెబ్భై దాకా పోయింది. నేను లేచి నిలబడ్డాను. ఇది ఇరవై ఏళ్ళ కిందటి పని, దీన్ని చెక్కింది ఇదిగో ఈమె, మా అమ్మ అని ముందు ఇంగ్లీషులో, తరువాత తెలుగులో చెప్పాను.

షామియానా అంతా నవ్వింది. వేలం వేసేవాడు కూర్చోమని చెయ్యి ఊపాడు.

"ఆడోళ్ళు రాయి చెక్కేది ఏ ఊర్లో చూసినావమ్మా?" అన్నాడు గుమాస్తా.

శెట్టిగారు నవ్వలేదు. "ధర దించేకి చెప్తాండావా పాపా?" అని అడిగారు.

"మేము కొనేకి రాలేదు శెట్టిగారూ."

"అట్లయితే రుజువేముండాది? బంగారమైతే గీటురాయి మీద గీసి చెప్తా. రాయికి ఏమిటితో గీసేది?"

అమ్మ లేచింది. గుమాస్తా అడ్డం వస్తే అతని చెయ్యి పక్కకు తోసి కిటికీ దగ్గరకు పోయింది. నడుము ముడి విప్పి ఇత్తడి గాజు తీసి, సొట్ట కిందికి పెట్టి, మొదటి గుండ్రంలోకి నొక్కింది. చేత్తో పట్టుకోకపోయినా గాజు అందులోనే నిలిచింది. తీసి రెండో దానిలో పెట్టింది. మూడో దానిలో పెట్టింది. నవ్వులు ఆగిపోయాయి.

"శెట్టిగారూ, మీరొచ్చి చూడండి," అంది.

ఆయన వచ్చారు. గాజును తిప్పి సొట్ట పైకి పెడితే పట్టలేదు. పక్కకు పెడితే పట్టలేదు. కిందికి పెడితే కూర్చుంది. అప్పుడు ఆయన తాను పాడుకున్న రాణిగారి బంగారు గాజు తెప్పించి పెట్టి చూశారు. అది అటు జారి ఇటు జారి గడ్డిలో పడింది. ఆయన వంగి దాన్ని తీసుకుని, మా అమ్మ గాజును మళ్ళీ అందుకుని, ఇరవై నాలుగు గుండ్రాల్లోనూ ఒక్కటీ వదలకుండా పెట్టి చూశారు. ఇంత ఎండలో ఎవరూ లేచి పోలేదు.

"ఇది ఈమె చేసిందే," అన్నారు చివరికి. "నా పాట వాపసు తీసుకుంటాండా. పాతదని పాడినా కానీ కొత్తదని పాడలేదు."

వెనక పాడినవాళ్ళూ తప్పుకున్నారు. వేలం వేసేవాడి ముఖం మాడిపోయింది. పదిహేను రూపాయలకు ఎవరైనా తీసుకుపోతారా అని విసుగ్గా అడిగాడు. నా చేతిసంచిలో ఇరవై ఉన్నాయి. చెయ్యి ఎత్తబోతే అమ్మ పట్టుకుంది.

"నేను చేసిందాన్ని నేనే ఎందుకు కొనల్ల?" అంది. తరువాత వేలం వేసేవాడి వైపు తిరిగింది. "అయ్యా, ఆ కాగితంలో గుడి పేరు కొట్టెయ్యి. నా పేరు రాయి. అంతే నాకు కావల్సింది."

అతను కుదరదన్నాడు. అచ్చయిన జాబితా మార్చే పద్ధతి లేదన్నాడు. అచ్చయిన అబద్ధానికి ఉన్న పద్ధతి నిజానికి ఎందుకు లేదని నేను అడిగాను. అమ్మ కిటికీ ముందు నేల మీద కూర్చుంది. రాసేదాకా లేవనంది. ఇరవై ఎనిమిదో వస్తువు దాని పక్కనే గోడ మూలలో ఉంది, ఆమెను దాటి దాన్ని బయటికి తీయలేరు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలువు, వాళ్ళకూ గాజు పెట్టి చూపిస్తా అంది.

పావుగంట అలాగే గడిచింది. చివరికి శెట్టిగారే గొంతు సవరించుకున్నారు. "అయ్యా, నాకు ఇంటికి ఒక కిటికీ కావల్ల. నలభై ఇస్తా. కానీ తప్పు రాసిన రసీదు నేను పుట్టినప్పట్నుంచి తీసుకోలేదు. ఆమె పేరు రాస్తే డబ్బు, రాయకపోతే లేదు." నలభై అన్న మాట వినబడగానే పద్ధతి మారింది. గుమాస్తా జాబితాలో గుడిని కొట్టేసి, రసీదు మీద 'దేవనహళ్ళి కాళమ్మ చెక్కినది' అని రాశాడు. అమ్మకు చదువు రాదు. నాతో రెండుసార్లు చదివించుకుంది, మూడోసారి శెట్టిగారితో చదివించుకుంది. అప్పుడు లేచి చీర దులుపుకుంది.

తిరుగు బండి నాలుగున్నరకు. స్టేషను దగ్గర పూటకూళ్ళ హోటల్లో ఎనిమిదణాలకు భోజనం దొరుకుతుంది. రేషను రోజులు కాబట్టి అన్నం ఒక్కసారే వేస్తారు, రాగిముద్ద మాత్రం అడిగినంత. చెయ్యి కడుక్కోవడానికి లేచిన అమ్మ తిరిగి వచ్చేసరికి ఇత్తడి గాజు ఆమె ముంజేతికి ఉంది. ఇరవై ఏళ్ళ తరువాత ఆ చేతికి గాజు చూడటం నాకు అదే మొదలు. కళ్ళ నీళ్ళు ఆగలేదు. వడ్డించే వంటమనిషి, పెద్దావిడ, అమ్మ నుదుటి వైపు, చేతి వైపు మార్చి మార్చి చూసింది.

"ఏమ్మా, బొట్టు లేదు, గాజుండాది. ఇదేం ఆచారం?"

"ఇది నా పనిముట్టమ్మా," అంది అమ్మ. "ఇంగొక ముద్ద వెయ్యి."

ఆవిడ ముద్ద వేసింది.

దొడ్డబళ్ళాపురంలో దిగి బజారు మధ్యలోంచి ఇంటికి నడిచాం. సందులోంచి పోదామా అని నేనే అడిగాను, నాకే సిగ్గుగా ఉంది ఆ మాట తలుచుకుంటే. అమ్మ వినిపించుకోలేదు. చూసినవాళ్ళు చూశారు. చిన్నాయనకు కబురు అందే ఉంటుంది, ఇంతవరకూ మా గడప తొక్కలేదు. ఇన్నేళ్ళూ అమ్మ పేరు కోసం నేనొక్కదాన్నే కోపంగా ఉన్నాననుకున్నాను. నా కోపం నోట్లో ఉండేది, ఆమెది ముడి వేసిన గుడ్డలో ఉండేది, తేడా అంతే. ఆ గాజు ఇప్పటికీ ఆమె చేతికే ఉంది. తీసెయ్యమని చెప్పడానికి ఎవరైనా రావచ్చు, మా ఇల్లు బజారుకు మూడో వీధి.

దండు వేలాలకు పోయేవాళ్ళకు ఒక్క మాట. తొమ్మిదింటికే పోయి రాళ్ళను దగ్గర కూర్చుని చూడండి, జాబితాను నమ్మకండి. గుండ్రాలు సొట్టపోయి ఉంటే పాతదని పాడెయ్యకండి. అది ఎవరి గాజో అడగండి.