దుకాణంలో పాటలు, మేడమీద నల్లతెర

వెంకటగిరియప్ప గారు పొద్దున్నే కాఫీ గ్లాసును లాప్‌టాప్‌కు మూరెడు దూరంలో పెట్టి, నల్లతెర తెరుస్తారు. కొత్త కంప్యూటర్‌లో పాత కంప్యూటర్‌లా నడుచుకునే ఎమ్యులేటర్ అది. ముప్పై ఏళ్ల కిందట హొసకోటె ప్రెస్‌లో ఆయన వాడిన తెలుగు సాఫ్ట్‌వేర్ అందులో ఇంకా పనిచేస్తుంది. కాసేపు ఏదో ఒకటి టైపు చేసుకుని లేస్తారు.

"మౌస్ కూడా లేని దాంట్లో ఏం సుఖముండాదో," అంటుంది భార్య భాగీరథమ్మ.

చందాపురలో వాళ్లుండేది మేడమీద. కింద కూతురు అర్పిత జిరాక్స్ దుకాణం.

పోయిన శ్రావణంలో కోలాటం గురువు చిక్కమునియప్ప వచ్చాడు. భాగీరథమ్మ తల్లి పాడిన పాటొకటి అతని బృందం పాడుతుంది. ఆఖరి చరణం ఎవరికీ గుర్తులేదు.

"యాడన్నా రాసిపెట్టినావా అప్పా? ఆదివారం జాతరలో పాడల్ల."

రాసిపెట్టారు. అత్తగారు బతికుండగా ఎదురుగా కూర్చుని ఇరవైమూడు పాటలు టైపు చేశారు. ఆ ఫైళ్లు దుకాణం కంప్యూటర్‌లో ఉన్నాయి. వాటిని చదవగల సాఫ్ట్‌వేర్ మేడమీది నల్లతెరలోనే ఉంది.

"పెన్ డ్రైవ్‌లో వేసిస్తా నాన్నా," అంది అర్పిత.

"కాపీ వద్దు."

బల్ల మీద ఒక్క ప్రూఫే ఉండాలన్నది ప్రెస్ నియమం. ఒకసారి రెండుండి, దిద్దనిది అచ్చుకు పోయి, పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు చోట మామగారి పేరు పడింది. అప్పటినుంచీ ఆయనకు రెండో కాపీ అంటే భయం.

అందుకని అర్పిత దుకాణం ఫోల్డర్‌ను వైఫై మీద షేర్ చేసింది. లాప్‌టాప్ దాన్ని ఎస్ డ్రైవ్‌గా చూపించింది. ఆయన దాన్ని నల్లతెరలో డి డ్రైవ్‌గా తగిలించి, జాబితా అడిగారు.

ఖాళీ. మళ్లీ అడిగారు. ఖాళీ.

"మాయమ్మ పాటలు పాయనా?" అంది భాగీరథమ్మ, వెనక నిలబడి.

అర్పితకు ఫోన్ చేస్తే, "అన్నీ నా కళ్లముందే ఉండాయి నాన్నా! అమ్మమ్మ కోలాటం ఒకటి, రెండు..."

"ఆ పేర్లు ఎవరు పెట్టినారు?"

"నేనే. పోయిన ఆయుధపూజకు కంప్యూటర్ తుడిచి బొట్టు పెట్టినా కదా, అప్పుడే. అమ్మమ్మ పాటలకు ఇంగ్లీషు పేర్లేంటని తెలుగులో మార్చినా."

ఆయనకు నవ్వొచ్చింది. లోపల ఎంత తెలుగున్నా, ఫైలు పేరు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకుండా ఉంటేనే ఆ పాత యంత్రానికి కనబడుతుంది.

"ఎంత బొట్టు పెట్టినా ఆ ముసలిదానికి తెలుగు పేరు పలకదు తల్లీ. ఇంగ్లీషులో మార్చు."

"ముసలిదంటే నన్నేమో అనుకుంటి," అంది భాగీరథమ్మ.

పది నిమిషాలకు నల్లతెర మీద ఇరవైమూడు పేర్లు వరసగా దిగాయి. ఆయన ఏడోది తెరిచి, ఆఖరి చరణం దగ్గర ఆగి చదివారు.

"కోలలు చల్లారె కోడళ్లు రారమ్మ..."

"పాలు పొంగే వేళ ఇల్లు చేరండమ్మ," అని భాగీరథమ్మ రాగం తీసింది, తెర వైపు చూడకుండానే.

ఆదివారం చిక్కమునియప్ప బృందం పాటంతా పాడింది.

ఇప్పుడతను బుధవారాలు మేడమీదికి వచ్చి తనకొచ్చిన పాటలు పాడుతున్నాడు. వెంకటగిరియప్ప గారు ఇరవైఆరో పాట టైపు చేస్తున్నారు.