తాళాల గుత్తిలో దొరికిన ఆయిల్ సీలు

ఇంజనులోని రబ్బరు ఎన్నాళ్లు మన్నుతుందని ఇప్పుడెవరూ అడగరు. పోతే కొత్తది వేయించుకుంటారు. ఆ రోజుల్లో మాత్రం రైతు ఇంజను కొనేముందు దాని రబ్బరును పిల్లనిచ్చే ఇంటిని విచారించినంత జాగ్రత్తగా విచారించేవాడు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కోరుట్లలో మా మేనమామ పంపుసెట్ల షాపులో మెకానిక్కును. నా ఐటీఐ సర్టిఫికెట్‌ను అత్తమ్మ దేవుడి పటాల పక్కన తగిలించింది (దండం పెట్టుకునేవాళ్లు దానికీ కలిపి పెట్టేవారు). ఇక నా గర్వం సంగతి చెప్పాలా?

అవి నక్సలైట్ల కాలం. ఒకనాడు పొద్దున చందుర్తి దిక్కు ఒక రైతు ఇంజను బాగుచేయడానికి బయలుదేరాను. పొట్టకొచ్చిన వరి నీళ్లు లేక ఎండుతోంది. దారిలో పోలీసులు బస్సు ఆపి సంచులు వెతికారు. బుర్రమీసాల జమేదారు నా సంచిలోవన్నీ సీటు మీద పరిచాడు.

“స్ప్రింగులు, వైరు, గాసునూనె సీసా. ఏం తయారు జేస్తున్నవ్?”

“ఇంజన్లు బాగు జేస్త సార్.”

“అందరు గట్లనే అంటరు. దిగు.”

బస్సు వెళ్లిపోయింది. ఠాణాలో ఎస్సైగారి ముందు నిలబడి ఆయిల్ సీలు గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఇంజను ఇరుసు చుట్టూ ఉంగరంలా కూర్చుని నూనె కారకుండా పట్టుకునే రబ్బరు, లోపల సన్నటి స్ప్రింగు, అన్నీ చెప్పాను. భయంలోనూ ఒక్క భాగం వదల్లేదు. ఆయన విని, “మెకానిక్కువైతే మా జనరేటర్ జూడు. నూనె కారుతది. కాకుంటే లోపలుంటవ్” అన్నారు.

చూశాను. ఆ ఏడాదే వేసిన కొత్త సీలు ఎండిన రొట్టెలా గట్టిపడి చిట్లింది. అంతకుముందు వేసిన కొత్తదీ అంతేనట. “మొదట కంపెనీది ఉండెగద సార్, అదేది?” అని అడిగాను. ఎవరికీ తెలియదు. అంతలో ఒక కానిస్టేబుల్ లాకప్ తలుపు తీయడానికి వచ్చాడు. అతని చేతిలోని తాళాలు మందపాటి నల్లటి వలయానికి వేలాడుతున్నాయి. చూడగానే గుర్తుపట్టాను.

“సార్, గా లాకప్ తాళాల గుత్తి నాకిస్తరా?”

ఎస్సైగారి చెయ్యి నడుము దగ్గరికి పోయింది. నేను అడిగింది తాళాలను కాదు, వాటికున్న రబ్బరునని వాళ్లకు అర్థమయ్యేసరికి నా చొక్కా తడిసిపోయింది.

అది జనరేటరుకు కంపెనీ వేసిన మొదటి సీలే. ఏళ్ల తరబడి పనిచేసి, ఆపైన తాళాలు మోసినా ఆ రబ్బరు మెత్తగానే ఉంది. వదులైంది స్ప్రింగే. దాన్ని రెండు చుట్లు కత్తిరించి, కొసలు కలిపి, సీలును జనరేటరుకు బిగించాను. జనరేటరు అరగంట నడిచింది. ఎస్సైగారు కింద వేలు పెట్టి చూసుకున్నారు. చుక్క లేదు.

“పద, జీపుల దింపుతం” అన్నారు.

లాకప్ కంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను. పోలీసు జీపు దిగినవాణ్ణి ఊరు ఏమనుకుంటుందో, ఆ కబురు అడవికి ఎంత తొందరగా చేరుతుందో నాకు తెలుసు. “బస్సుకే పోత సార్” అని గొణిగాను. అప్పటిదాకా మీసం కదపని జమేదారే, “బతుకుదెరువు పిలగాడు సార్. నేను బస్సెక్కిస్త” అన్నాడు. ఎక్కించాడు కూడా.

పొద్దు వాలకముందే రైతు ఇంజను నడిచింది. కాలువలో నీళ్లు చూసి ఆయన, “గింత ఆలస్యమేంది పిలగా?” అన్నాడు. “బస్సు దొరకలే తాత” అన్నాను. నా జీవితంలోకెల్లా గొప్ప పని చేసి వచ్చిన రోజున చెప్పుకోగలిగింది అంతే. రెండేళ్ల తర్వాత జమేదారు మామూలు బట్టల్లో షాపుకు వచ్చి, “ఇంగ చుక్క పడలే” అని చెవిలో చెప్పి పోయాడు. ఆ మెప్పును కూడా లోపలే దాచుకున్నాను.

ఇప్పుడు ఎవరికైనా చెప్పవచ్చు. మందుకొట్టే మిషన్లు, గడ్డికోసే మిషన్లు పట్టుకుని కుర్రాళ్లు వస్తారు. వాటి రబ్బర్లు రెండు వానాకాలాలు ఆగితే గొప్ప. “కొత్తది వెయ్యి తాత” అంటారు. వేస్తూ కథ మొదలుపెడతాను. సగానికి రాకముందే సీలు కూర్చుంటుంది, ఇంజను అందుకుంటుంది, వాళ్లు వెళ్లిపోతారు. కథ పూర్తిగా వినిపించాలంటే నేను కాస్త నిదానంగా పని చేయాలి. ఈ వయసులోనూ నా చేతులకు అది చేతకావడం లేదు.