పక్కింటి పిన్ని, ఇంజన్ ఆపిన కారు

నా చిన్నప్పుడు పెట్రోలు ధర ఒక్కసారిగా మండిపోయి, తిరుపతి టాక్సీవాళ్లందరూ పరమ పిసినారులైపోయారు. మా నాయనా అంతే. కొండ దిగుడు మొదలవగానే ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో అలిపిరి దాకా జారిపోయేవాళ్లు. మా నాయనకు ఆ కిటుకు నేర్పింది పక్కింటి చిన్నాన్న. ఆయనదీ టాక్సీయే. మా వీధి కూడా పల్లం కాబట్టి ఇద్దరూ వీధి మొదట్లోనే తాళం తిప్పేసేవాళ్లు. గులకరాళ్ల మీద చక్రాల చప్పుడు తప్ప ఏమీ వినపడకుండా కారు వచ్చి వాకిట్లో ఆగేది. పిల్లలకు అదంతా భలే సరదా.

ఒకరోజు ఖాళీ కారుతో అలాగే కొండ దిగుతుంటే బ్రేకులు కాలిపోయి పట్టలేదు. చిన్నాన్న కారు మలుపులో గోడను గుద్దుకుంది. మనిషి దక్కలేదు.

ఆ తర్వాత మా నాయన కొండ మీద ఇంజన్ ఆపడం మానేశాడు. వీధిలో మాత్రం మానలేదు, చేతికి అలవాటైపోయింది. దీపాలు పెట్టే వేళకు చక్రాల చప్పుడు వినపడగానే పిన్ని చెంబుతో కాళ్లకు నీళ్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. దిగింది మా నాయనేనని చూసి లోపలికి వెళ్లిపోయేది. రోజూ ఇదే. మా నాయన అటు తల తిప్పేవాడే కాదు.

ఒక సాయంత్రం అమ్మమ్మ వాళ్లింటి నుంచి నన్ను తీసుకొస్తూ, తాళం మీదికి వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంజన్ మోతతోనే ఇంటిదాకా వచ్చాడు. పెట్రోలు దండగ కదా అని అడిగాను.

"పోనీలేమ్మా. మోత వింటే వచ్చింది నేనేనని మీ పిన్నికి తెలుస్తాది" అన్నాడు.

పిన్ని బయటికి రాలేదు. ఆ రోజు మా నాయన చాన్నాళ్లకు కడుపునిండా తిన్నాడు. కొన్నాళ్లు అలాగే గడిచాయి.

తర్వాత పిన్నే మా ఇంటికి వచ్చింది. అమ్మ పీట వేసినా కూర్చోలేదు.

"ఇంజన్ ఆపేసే రా బావా" అంది. "వచ్చినాడనుకొని లేస్తా సూడు, ఆ కాసేపే నాకు మిగిలిండేది. అది కూడా తీసేస్తే నేనెట్ల బతికేది?"

మర్నాడు వీధి మొదట్లోనే ఇంజన్ ఆగిపోయింది. పిన్ని చెంబుతో గుమ్మంలోకి వచ్చింది.

ఇప్పటికీ చావు జరిగిన ఇంటికి వెళ్తే, మరిచిపో తల్లీ అనే మాట నా నోట రాదు. పోయిన మనిషికి కంచం పెట్టుకుంటే పెట్టుకోనిస్తాను. వద్దనడానికి నేనెవరిని?