అడిగొస్తా అత్త

ఇప్పుడు మైకు దొరికిన ప్రతివాడూ "ప్రజల తరఫున" అంటాడు. ఏ ప్రజల్ని ఎప్పుడడిగావు నాయనా అని నిలదీసేవాళ్ళే లేరు!

ఆ రోజులు వేరు. మునిసిపాలిటీ, ఆసుపత్రి, పోలీసులు కలిసి నడిపే ఉమ్మడి కమిటీలో ఊళ్ళోని సేవాసంఘాలన్నిటికీ కలిపి ఒక్క కుర్చీ ఉండేది. సంఘాలవాళ్ళు ఏటా ఎన్నుకుంటే అందులో బట్టలు కుట్టే అత్త కూర్చునేది. ఆసుపత్రికి పాత చీరలతో దుప్పట్లు కుట్టిచ్చే నలుగురు ఆడవాళ్ళలో ఆమె ఒకతె.

మీటింగు కబురు రాగానే మిషను మీద గుడ్డ కప్పి బయల్దేరేది. రక్తదానం కుర్రాళ్ళు, చూపులేనివాళ్ళ సంఘం, చెత్త గురించి ఊరందరితో తగువులాడే రిటైరైన మాస్టారు... గడపగడపా ఎక్కి అడిగేది. మీటింగులో కొత్త మాటేదైనా వచ్చిందా, "అడిగొస్తానండీ" అని కూర్చునేది.

"సరే అంటే మీ సొమ్మేం పోయిందమ్మా?" అని అధ్యక్షుడు తల పట్టుకునేవాడు.

"ఇక్కడ నా నోరు నాది కాదండీ."

ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. ఇంట్లో ఆమె మాట పట్టించుకునే నాథుడు లేడు. అక్కడ మాత్రం ఆమె నోరు విప్పితే పెద్ద డాక్టరు కూడా తలెత్తి వినేవాడు.

ఓసారి అధ్యక్షుడే అన్నాడు: "ఏటేటా ఈ ఎన్నికెందుకు? ఆ కుర్చీ మీకే శాశ్వతంగా ఇచ్చేద్దాం. ఏమంటారు?"

ఊఁ అంటే అయిపోయేది. అలవాటుపడ్డ నోరు ఊరుకుంటుందా! "అడిగొస్తానండీ."

అడిగింది. అందరూ మాస్టారినడగమన్నారు. చివరికి మాస్టారు నోరు విప్పాడు. "ఏమనుకోకు చెల్లెమ్మా. నువ్వు బంగారానివి. కానీ కుర్చీ ఒకరికి రాసిచ్చేస్తే, నీ తర్వాత వచ్చేవాడు మమ్మల్ని అడగడు."

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని ఏడ్చింది. చేతులారా చేసుకున్నదే కదా! ఒక్క ముక్క మార్చి చెబితే ఎవరికి తెలుస్తుంది?

మీటింగులో లేచి నిలబడింది. "మావాళ్ళు వద్దన్నారండీ." మాట మార్చలేదు.

ఆ ఏడు ఎన్నికలో రక్తదానం జట్టులోని సైకిల్ మెకానిక్ నెగ్గాడు. అత్త మళ్ళీ మిషనుకే అంకితమైంది. మీటింగు రోజొస్తే తొక్కడం మానేసి వీధివైపు చూసేది, పాపం.

ఓ సాయంత్రం గుమ్మం ముందు సైకిల్ ఆగింది. చేతులకు గ్రీజు కూడా కడుక్కోకుండా వచ్చాడు మెకానిక్.

"అత్తా, దుప్పట్లు ఉతికే పని కూడా మన సంఘాలే చూడాలంటున్నారు. అడిగొస్తానని చెప్పి వచ్చాను. మీరేమంటారు?"

ఊరందరినీ అడిగిన అత్తను అంతవరకూ గడపెక్కి అడిగినవాళ్ళు లేరు.

"ఉండరా," అంది కళ్ళు తుడుచుకుని, మిషను మీద గుడ్డ కప్పుతూ. "దుప్పట్లు కుట్టే మిగతా ముగ్గురినీ అడిగొస్తా."